సారు వేసిన ఒక్క తప్పు అందాజు

గురువారం ఉదయం ఆరూ ఇరవైకి మా లెక్కల సారు చనిపోయారు. డెబ్బై నాలుగేళ్ళు. గుండెపోటు. సారం పేటలో ఆయన ఇల్లు మా ఎదురిల్లే. మేం పిలిచిన ఆటో వచ్చేసరికే ప్రాణం పోయింది.

సర్కారు బడిలో ముప్పై రెండేళ్ళు లెక్కలు చెప్పారు. రిటైరయ్యాక వీధి పిల్లలకు ఇంటి ముందు గదిలో చెప్పారు, ఫీజు లేకుండా. నేనూ ఆయన దగ్గర చదివినవాడినే. లెక్క మొదలుపెట్టే ముందు జవాబు సుమారుగా ఎంత రావచ్చో నోటు మూలన రాయాలి. రాయకపోతే ఆయన నోటు ముట్టుకునేవారు కాదు. "ముందు అందాజు వెయ్యిరా. అందాజు లేనోడికి తప్పు యాడ జరిగిందో తెలీదు" అనేవారు. కూరగాయల బండి దగ్గరా అంతే. బండివాడు కూడేలోపే మొత్తం చెప్పేసేవారు. "సారొస్తే నాకు తక్కెడ కూడా దండగే" అని అతను ఎగతాళి చేసేవాడు.

సారుకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. తమిళ బడుల్లో చదివిన మా తెలుగిళ్ళలో ఇక్కడ చాలామంది అంతే. నా వార్తలు నేనే చదివి వినిపించాలి. మధ్యలో ఆపి, "ఈ అంకె నీకెవరు చెప్పినారు?" అని అడిగేవారు. ఇన్నేళ్ళ విలేకరి పనిలో నన్ను ఆ మాట అడిగిన సంపాదకులు తక్కువ. ఆ ప్రశ్నకు ఆయనకు రుణపడి ఉన్నాను. అందుకే ఆయన తప్పు కూడా రాస్తున్నాను. దాచితే ఆయనే ఒప్పుకోరు.

మా వీధి చివరింటి మాలతి ఆయన శిష్యుల్లో అందరికంటే చురుకైనది. ఎనిమిదేళ్ళ కిందట ఆమెకు చెన్నైలో గణితం ఎమ్మెస్సీలో సీటు వచ్చింది. ప్లస్ టూ కాగానే చేరే ఐదేళ్ళ కోర్సు. ఫీజుకూ హాస్టలుకూ ఆరు లక్షల బ్యాంకు అప్పు కావాలి. వెల్డింగ్ పని చేసే తండ్రి వెనకాడాడు. సారు కాగితం తీశారు.

"కట్టడం మొదలయ్యే నాటికి వడ్డీతో ఏడున్నర అవుతాది. నెలకి ఎనిమిది వేల మూడొందలు డ్యూ. జీతం నలభై ఐదు వేలు. ఐదో వంతు కూడా లేదు. ఏంది భయం?" అన్నారు. హామీ సంతకం కూడా ఆయనే పెట్టారు.

అప్పు వైపు అంకె తర్వాత అచ్చంగా అలాగే వచ్చింది. జీతం వైపు అంకె మాత్రం సర్కారు టీచరుది. మా వీధిలో ఉద్యోగాలంటే సర్కారు మిల్లు, కరెంటాఫీసు, బడి. నెల జీతమంటే సర్కారుదే. "ప్రైవేటు బడిలో ఎంతిస్తారు సార్?" అని అడిగాను. "అదొక జీతమా?" అని నవ్వారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. రెండు బడులకు ఫోన్ చేసి ఉంటే తేలిపోయేది.

మాలతి మంచి మార్కులతో పాసైంది. సర్కారు ఉద్యోగానికి రెండుసార్లు పరీక్ష రాసింది, రాలేదు. ప్రైవేటు బడిలో చేరింది. పదహారు వేలు. నెల కిస్తు అందులో సగానికి పైన. మొదటి కిస్తు నెలలోనే సారు నన్ను పిలిచి, "లెక్క తప్పలేదురా. నేను తప్పినా" అన్నారు. అప్పట్నుంచి ప్రతి నెలా సగం కిస్తు తన పెన్షన్‌లోంచి ఇచ్చారు.

ఆయన దగ్గర లెక్కలు నేర్చుకుని ఇంజనీరింగుకు పోయినవాళ్ళు తలా ఇంత వేసుకుని పెద్ద పూలదండ పంపారు. నాకు తెలిసి ఆ గది నుంచి గణితమే చదవడానికి పోయింది మాలతి ఒక్కతే.

శనివారం, శ్మశానంలో పాలు పోసే మూడోనాటి తంతు అయ్యాక, ఆమె సారు భార్య దగ్గరికి వచ్చింది. నేనక్కడే ఉన్నాను.

"నాకింక ఆయన పెన్షన్‌లో సగానికి కొంచెం పైన మాత్రమే వస్తాదంట," అంది ఆవిడ. "ఇన్నాళ్ళూ మందులు తగ్గించుకోని నీ డ్యూ కట్టినాడు మనిషి. ఇంక నా వల్ల కాదమ్మా."

"తెలుసు పెద్దమ్మా. అడిగేదానికి రాలేదు, చెప్పేదానికి వచ్చినా. తట్టాంచావడిలో పని దొరికింది."

"ఏం పని?"

"ప్లాస్టిక్ కంపెనీ స్టోరులో. వచ్చిన సామాను, పోయిన సామాను రాయాల. ఓటీతో కలిపి ఇరవై రెండు వేలు."

"దానికి ఎమ్మెస్సీ కావాలన్నారా?"

"పదో క్లాసు చాలంట. ఎమ్మెస్సీ అంటే నిలకడగా ఉండదని తీసుకోరేమోనని నేను చెప్పలేదు పెద్దమ్మా."



సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు మాలతి ఆ స్టోరులో చేరాలి. అదే సమయానికి ఆమె బడిలో ప్లస్ టూ పిల్లలకు కాలిక్యులస్ మొదలుపెట్టాల్సి ఉంది. ఆ పీరియడ్‌కు ఇంకా ఎవరూ దొరకలేదని బడివాళ్ళు చెప్పారు. పిల్లల్ని ఆటస్థలానికి పంపుతారట.