మిద్దె పోసిన రోజు

సిమెంటుకు పర్మిట్లు పోయి, ఎవరి సిఫార్సూ అక్కర్లేని రోజులు వచ్చాక తమిళనాడులోని గుడియాత్తంలో మేము ఇల్లు మొదలుపెట్టాం. నేను వేలూరులో ఒక దినపత్రిక విలేకరిని. పొద్దున బస్సెక్కితే మళ్ళీ రాత్రికే ఇల్లు చేరేది. అందుకని ఇంటి పనంతా మేస్త్రికే వదిలాను. ఆయనది పొన్నై వైపు. మాలాగే ఇంట్లో తెలుగు, బజారులో తమిళం.

పునాది రోజు ఆయన కొబ్బరికాయ, పసుపు, కుంకుమ తెచ్చాడు. "పూజ వద్దు మేస్త్రీ" అన్నాను. ఎందుకు వద్దో చెప్పలేదు. క్రైస్తవుణ్ణని చెబితే, మతం అంటగట్టడానికి చూస్తున్నాడనుకుంటారేమోనని బెరుకు. పైగా వార్తలో ఎక్కడా నేను కనపడకుండా రాయడం నా ఉద్యోగం. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చేసింది. ఆయన తెచ్చినవన్నీ తిరిగి సంచిలో వేసుకున్నాడు.

గోడలు లేస్తుండగా ఒక పనివాడు పైనుంచి జారి కాలు బెణికించుకున్నాడు. మేస్త్రి ఇంకొకణ్ణి పెట్టి పని సాగించాడు.

ఇంటి పైకప్పుకు మిద్దె పోసే రోజు నేను సెలవు పెట్టాను. వేలూరు నుంచి కాంక్రీటు కలిపే మిషను వచ్చింది. పడమట మబ్బు పట్టింది. సాయంత్రంలోగా ముగించకపోతే సిమెంటంతా వాన పాలు. పనివాళ్ళు మాత్రం ఇసుక కుప్ప మీద కూర్చుని లేవడం లేదు.

"ఏమైంది మేస్త్రీ?"

"మావోళ్ళు ఎక్కేది లేదంటాండారు సార్. సామే లేనోడి ఇంటిపైకి ఎట్ల ఎక్కేదని భయం."

"నాకు దేవుడు లేకపోవడమేంటి? నేను క్రైస్తవుణ్ణి."

"అది మాకు తెలీదా? ఆదివారం నల్ల పుస్తకం చంకలో పెట్టుకొని యాడికి పోతారో వీధంతా చూస్తాండాది. కానీ ఈడ ఒక్కనాడు దండం పెట్టినారా? మా పూజ వద్దంటిరి, సరే. మీ సామికన్నా చెప్పుకోవాల కదప్పా!"

కాంక్రీటు నింపిన ఇనుప చట్టీలు అందించే ముసలమ్మ అందుకుంది. "మేము పెట్టిన టీ తాగతాడు. మాకోసం సామికి ఒక మాట చెప్పేదానికి నోరు రాదు."

అందరూ నవ్వారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. వాళ్ళను నొప్పించకూడదనే నేను నోరు మూసుకున్నాను. వాళ్ళకేమో, మా కాళ్ళూ చేతులూ ఏమైనా ఈయనకు పట్టదు అన్నట్టు తోచింది.

చెప్పులు విడిచి నిలబడ్డాను. మా చర్చిలో ప్రార్థనంతా తమిళంలోనే, అదీ పుస్తకాల తమిళం. ఆ మాటలు ఇక్కడ ఎవరికి కావాలి? మా అమ్మతో మాట్లాడే తెలుగులోనే అన్నాను. "యేసయ్యా, వీళ్ళు పొద్దుగూకేదాకా బరువులెత్తుకుని నిచ్చెన ఎక్కాల. ఒక్కరి కాలూ జారకుండా చూడు. ఎక్కినోళ్ళందర్నీ క్షేమంగా దించు. ఆమేన్."

"అంతేనా?" అంది ముసలమ్మ. "ఇల్లు బాగుండాలని అడగలేదే నాయనా?"

"మరిచిపోయినానవ్వా."

ఆమె నన్ను ఒకసారి తేరిపార చూసి, కొంగు నడుముకు దోపుకుని లేచింది. ఆమె వెనకే అందరూ లేచారు.

ఆ రోజంతా నేను నిచ్చెన మొదట్లోనే ఉన్నాను. ఎవరి అడుగు తడబడినా నిచ్చెనను గట్టిగా పట్టుకునేవాణ్ణి. చివరి చట్టీ పైకి చేరే వేళకు సన్నగా తుంపర మొదలైంది. తడి మిద్దె మీద ప్లాస్టిక్ పట్టాలు కప్పి ఒక్కొక్కరే దిగారు. అందరికన్నా చివర ముసలమ్మ. ఆమె కాలు నేల తాకాకే నిచ్చెన వదిలాను.

తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటూ అంది, "ఎవరి కాలూ జారలేదు. మీ సామికి చెప్పు నాయనా."

ఇన్నాళ్ళూ నాలో ఉన్న బెరుకు ఎటు పోయిందో. "నువ్వే చెప్పవ్వా. వింటాడు" అన్నాను.

"నాకు మీ చదువు రాదే!"

"చదువెందుకు? నాతో మాట్లాడినట్టే మాట్లాడు."

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుని, కాస్త సిగ్గుపడుతూ, మిద్దె వైపు తిరిగి మెల్లగా ఏదో చెప్పుకుంది.