గట్టు కొట్టించిన రోజు భోజనం

కొల్లేటి ఊళ్ళలో భోజనాల వేళకు గుమ్మంలో నిలబడ్డ మనిషిని తినకుండా పంపరు. పోస్టుమ్యానైనా, కరెంటు మీటరు చూసేవాడైనా, కేసు రాయడానికి వచ్చిన నాలాంటి అటవీశాఖ ఉద్యోగైనా సరే. మా వైపు మనుషుల్లో నాకు అన్నిటికంటే గర్వంగా ఉండే గుణం ఇదే. దాని ముందే నా ఉద్యోగ ధర్మం ఒకసారి ఓడిపోయింది. ఆ తప్పు మాత్రం నాదే.

కొల్లేటి పక్షుల అభయారణ్యం లోపల చేపల చెరువులు ఉండకూడదని చట్టం. అయినా ఉన్నాయి. గట్టు వేస్తే నీటి దారి మూసుకుపోతుంది, దాని వెనక పక్షులు దిగే పల్లం ఎండిపోతుంది. కలిదిండి వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో అలాంటి గట్టును కొట్టించే పని నాకు అప్పగించారు.

పొక్లెయిన్‌తో వెళ్ళాను. చెరువు రైతు గొడవ పడతాడనుకున్నాను. అతను కుర్చీ వేశాడు.

"కొట్టండి సార్, కాదనను. ఎండన పడి వచ్చారు. ముందు నాలుగు మెతుకులు తినండి."

అతని తల్లి కొర్రమీను పులుసు కొసరి కొసరి వడ్డించింది. చెయ్యి కడుక్కుని బయటికి వచ్చాక గట్టు వైపు చూడలేకపోయాను. వేళ్ళకు ఇంకా ఆ పులుసు వాసన ఉంది. నీళ్ళు ఎక్కువగా ఉన్నాయని డ్రైవరుకు చెప్పి బండి వెనక్కి తిప్పించాను. ఏలూరు ఆఫీసులోనూ అదే చెప్పాను.

ఆ ఏడు చలికాలం దాటకుండానే గట్టు వెనక నేల బీటలు వారింది. గూడబాతులు పైన తిరిగి తిరిగి, దిగకుండానే వెళ్ళిపోయాయి. అక్కడ నిలబడి చూశాను. ఎవరైనా లంచమిచ్చి నన్ను కొని ఉంటే తిట్టుకోవడానికి ఇంకొక మనిషి ఉండేవాడు. మొహమాటానికి ఆ నీటిని వదిలేసింది నేనే.

తాడేపల్లిగూడెంలో ఇంటికి వచ్చి మా ఆవిడకు జరిగింది చెప్పాను.

"ఆ ఊళ్ళో భోంచేయడం మానేయండి, ఉద్యోగం దానంతటదే అవుతుంది" అంది. చెరువులో చేపల పట్టుబడి అయ్యాక, మళ్ళీ ఆ గట్టు పనికి బయల్దేరిన రోజున క్యారియర్ కట్టి చేతికిచ్చింది.

క్యారియర్ చూసి చెరువు రైతు చిన్నబుచ్చుకున్నాడు.

"ఏవండీ, మా అన్నం చేదైపోయిందా?"

"లేదండీ. మీ అన్నం తింటే నాకు చెయ్యి లేవడం లేదు."

"మరి ఆ గూడబాతులేం పెడతాయండీ మీకు? చేపలు పెంచేది మేము, మింగేది అవి. మీరేమో వాటి తరఫు చుట్టం."

గట్టు మీద చేరిన ఊరివాళ్ళు నవ్వారు. నవ్వు ఆగాక ఎవరూ పక్కకు జరగలేదు. వాళ్ళు అడ్డం నిలబడితే నా వెంట వచ్చిన గార్డులు ఏమీ చేయలేరు. ఈసారి కూడా వెనక్కి తిరిగితే ఆ నీటి దారి ఇక తెరుచుకోదని నాకు తెలుసు.

"మీకు నష్టం రాకూడదనే చేపల పట్టుబడి అయ్యేదాకా ఆగానండీ. ఇక ఆగలేను" అన్నాను.

అప్పుడు గుంపు వెనక నుంచి అతని తల్లి వచ్చింది. కొడుకు చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"అడ్డం లెయ్యరా. ఆ రోజు నేను పెట్టింది అన్నం. గట్టు ఆపమని పెట్టలేదు." తర్వాత నా వైపు తిరిగింది. "కానివ్వండి బాబూ. అయ్యాక ఇంటికి రండి. ఆ క్యారియర్ గిన్నెల్లో అన్నం ఈపాటికి చల్లారిపోయుంటుంది."

పొక్లెయిన్ తొట్టి మట్టిలోకి దిగింది. నీళ్ళు ముందు సన్నగా జారి, తర్వాత గట్టును కోసుకుంటూ ఎండిన పల్లంలోకి పరుగెత్తాయి. ఊరివాళ్ళు కూడా అటే చూశారు.

మధ్యాహ్నం ఆ ఇంట్లోనే తిన్నాను. రైతు నా పక్కనే కూర్చున్నాడు. తింటూ తింటూ మంచినీళ్ళ చెంబు నా వైపు జరిపాడు.

తర్వాత నేను కొట్టించిన గట్లలో చాలావరకు మళ్ళీ లేచాయి. మేం వెళ్ళిపోగానే పూడ్చేసేవారు, కేసులు సాగుతూనే ఉండేవి. ఆ గట్టు మాత్రం మళ్ళీ లేవలేదు. చలికాలంలో అటు వెళ్తే ఆ పల్లంలో గూడబాతులు కనిపిస్తాయి.

గట్టు కొట్టించి ఇంటికి వచ్చిన ఆ సాయంత్రం మా ఆవిడ క్యారియర్ మూత తీసి చూసింది.

"మళ్ళీ తిన్నారా?"

"కొట్టించాకే తిన్నాను" అన్నాను. ఆ ఇంటి మనుషుల గురించి ఆవిడకు చెబుతుంటే, వాళ్ళు నా సొంతవాళ్ళన్నంత గర్వం నా గొంతులో నాకే వినిపించింది.