ఫిర్యాదుల లైన్‌లో నా గొంతు

దయ్యాల మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. చిన్నప్పుడు మానుకోటలో మా అమ్మమ్మ అలాంటి కథ మొదలుపెడితే, మధ్యలో ప్రశ్నలడిగి చెడగొట్టేదాన్ని. పదేళ్ళుగా కంప్యూటర్లతోనే నా బతుకు. యంత్రం తప్పు చేసిందంటే, దాని వెనక ఎవరో ఒక మనిషి చేసిన తప్పు ఉంటుందని నా నమ్మకం. ఇది చదివి మీరు నమ్మకపోయినా నాకు బాధ లేదు. చూసింది, విన్నది మాత్రమే రాస్తున్నాను.

పోయిన వానాకాలం జనగామలో ఒక విత్తనాలు, పురుగుమందుల హోల్‌సేల్ వ్యాపారి దగ్గర పనికి కుదిరాను. ఊళ్ళో అందరూ ఆయన్ని సేటు అంటారు. రైతులు ఫోన్ చేసి పత్తికి పట్టిన తెగులు గురించి అడిగితే ఏఐ జవాబు చెప్పే లైన్ ఒకటి పెట్టించాడు. ఆ లైనుకు గేట్‌వే పెట్టడం నా పని.

గేట్‌వే అంటే బ్రహ్మవిద్యేం కాదు. రైతు మాట్లాడింది అక్షరాలుగా మారి ముందు దాని దగ్గరికి వస్తుంది. చిన్న ప్రశ్నయితే చవక ఏఐ మోడల్‌కు, చిక్కు ప్రశ్నయితే ఖరీదైనదానికి పంపుతుంది. ఆ రెండూ పలకకపోతే మూడోదానికి. వచ్చిన జవాబును మళ్ళీ మాటగా మార్చి రైతుకు వినిపిస్తుంది. ప్రతి కాల్‌కూ లాగ్‌లో ఒక వరస పడుతుంది. ఏ నంబరు, ఏం అడిగారు, ఏ మోడల్ చెప్పింది, ఎంతసేపు చెప్పింది. కాల్ రికార్డింగ్ కూడా దాంతోపాటే ఉంటుంది. షాపు మీది గదిలో కూర్చుని మూడు వారాల్లో పూర్తి చేశాను.

మొదటి నెల బాగానే నడిచింది. తర్వాత ఒక రైతు సేటు అమ్మే ఒక మందు గురించి అడిగితే, మోడల్ సూటిగా చెప్పేసింది: అది వాడొద్దు, వ్యవసాయాధికారికి ఫిర్యాదు చేయండి అని. ఆ రైతు నిజంగానే ఫిర్యాదు చేశాడు.

ఆరోజు సేటు పైకి వచ్చి నా బల్ల మీద ఒక కాగితం పెట్టాడు. "చెల్లె, గీ మందు పేరన్న, గీ మాటల్ల ఒక్కటన్న ఎవడన్న మాట్లాడిండనుకో, వాని కాల్ మోడల్ దాకా పోవద్దు. నడుమల్నే ఆగాలె" అన్నాడు.

కాగితం మీద మాటలు: పనిచెయ్యలే, నష్టం, మంట, వాంతి, కండ్లు తిరుగుడు.

చివరి మూడు మాటల దగ్గర నా చెయ్యి ఆగింది. అది దాచను. కానీ అడగలేదు. రూల్ రాశాను. అలా ఆపిన కాల్స్‌కు వినిపించడానికి నా గొంతుతోనే పదకొండు సెకన్ల మాట రికార్డు చేశాను. "మీ సమస్య నమోదైంది. దయచేసి మీ దగ్గరలోని డీలరును కలవండి. నమస్కారం."

బతుకమ్మకు రెండు వారాల ముందు సేటు నన్ను కిందికి పిలిచాడు. మొహం ఎర్రగా ఉంది. నర్మెట్ట నుంచి ఒక రైతు ఫోన్ చేసి, మీ లైన్లో ఆడమనిషి శాపనార్థాలు పెడుతున్నదని కొట్లాటకు దిగాడట. సేటు ఆ కాల్ రికార్డింగ్ పెట్టి ఫోన్ నా ముందుకు తోశాడు.

నా గొంతే. "మీ సమస్య నమోదైంది" దగ్గర మొదలై, నమస్కారం దాకా నేను చెప్పినట్టే ఉంది. తర్వాత చిన్న ఊపిరి. ఆపైన అదే గొంతు, కానీ ఎంతో కోపంగా: "ఆ మందు ముట్టకు కొడుకా. ముడితే నా లెక్కనే చస్తవ్."

"నా దుకాణంల కూసోని నా గిరాకికే తిట్లు పెడుతున్నవా?" అన్నాడు సేటు.

నేను అనలేదని ఎంత చెప్పినా వినలేదు. నిజానికి ఆ రికార్డింగ్ విన్నాక నా మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

పైకెళ్ళి అన్నీ చూశాను. నేను రికార్డు చేసిన ఫైలు మారలేదు, అదే పదకొండు సెకన్లు. లాగ్‌లో ఆ కాల్ వరస ఉంది, కానీ ఏ మోడల్ చెప్పిందో రాసే చోట ఏమీ లేదు. నేను రాసిన ప్రోగ్రాములో అక్కడ ఏమీ లేకుండా ఉండడం కుదరదు. మోడల్ పేరైనా ఉండాలి, ఆపేశామనైనా ఉండాలి.

గొంతును అచ్చు దించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయని నాకూ తెలుసు. ముందు అదే అనుమానించాను. పాస్‌వర్డులన్నీ మార్చాను. నా గొంతున్న ఫైలు తీసేసి, దాని స్థానంలో ఏ శబ్దమూ లేని ఫైలు పెట్టాను. మరునాడు బచ్చన్నపేట నుంచి ఒక కాల్ రూల్‌కు తగిలి ఆగింది. మౌనం వినిపించాల్సిన చోట మళ్ళీ నా గొంతు. ఈసారి నమస్కారం కూడా లేదు. సరాసరి తిట్టే.

మూడో రోజు మధ్యాహ్నం మూడు మోడళ్ళకూ, మాటలు తయారుచేసే సర్వీసుకూ కనెక్షన్ తెంపేశాను. గేట్‌వేకు పలకడానికి ఇంక ఏమీ లేదు. అప్పుడు నా ఫోన్ నుంచే లైనుకు కాల్ చేసి, రేపు వాన పడుతుందా అని అడిగాను. మందు పేరు గానీ, కాగితం మీది మాటలు గానీ ఎత్తలేదు. రెండు గంటల వేళ, కింద షాపులో బస్తాలు దించుతున్నారు, కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది.

నా చెవిలో నా గొంతు అంది: "మూడుమాట్ల చెప్పిన. ఇన్నవా కొడుకా నువ్వు?"

ఫోన్ కింద పెట్టేశాను. భయమొక్కటే కాదు, అది నేనెవరో తెలిసి, నా మీద పగతో మాట్లాడుతోందనిపించింది.

ఆ మూడుమాట్ల అన్న మాట పట్టుకుని లాగ్ వెతికాను. రూల్ ఆపేసిన కాల్స్‌లో ఒకే నంబరు నుంచి ఒకేరోజు మూడుసార్లు వచ్చింది ఒక్కటే ఉంది. ఇరవై మూడు రోజుల కిందటిది. నలభై నిమిషాల్లో మూడు కాల్స్.

మొదటిదాంట్లో ఒక మగమనిషి: "మందు కొడుతుంటె ఒళ్ళు మంట లేత్తాంది, ఏం జెయ్యాలె?" రెండోదాంట్లో అదే మనిషి, మాట ముద్దగా ఉంది, వాంతులవుతున్నాయంటున్నాడు. మూడోది ఒక ఆడమనిషి. "ఓ అవ్వా, వాంతులు ఆగుతలెవ్వు, జర చెప్పు, నీ కాల్మొక్త."

మూడింటికీ నా గొంతు ఒకే మర్యాదతో జవాబు చెప్పింది. డీలరును కలవండి. నమస్కారం.

ఆ నంబరుతో లైన్‌లో రిజిస్టర్ చేసిన వివరాల్లో మొగుళ్లపల్లి మండలంలో ఒక ఊరు, అయిలయ్య అనే పేరు ఉన్నాయి. మరునాడు పొద్దున్నే పరకాల దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో వెళ్ళాను. అడిగిన మొదటి మనిషే ఇల్లు చూపించాడు. అయిలయ్య ఆ మూడు కాల్స్ వచ్చిన రోజే దవాఖానకు తీసుకుపోతుంటే దారిలో చనిపోయాడని కూడా ఆయనే చెప్పాడు.

భార్య సమ్మక్క వాకిట్లో కూర్చుని మిరపకాయలు ఏరుతోంది. ఫొటో గోడకు ఉంది. నేను గడపకు ఇవతలే నిలబడి, "అక్కా, నేను జనగామ నుంచి వచ్చాను" అన్నాను. అంతే అన్నాను.

ఆమె చేతులు ఆగిపోయాయి. "మల్లొక్కసారి మాట్లాడు" అంది.

నాకు అర్థమైంది. ఆమె లేచి నా దగ్గరికి వచ్చింది. "గీ గొంతే. మా ఆయన పాణం పోతాంటె గీ గొంతే మాట్లాడింది. డీలరు కాడికి పొమ్మంటివి గద? మనిషి లేవనే లేకపాయె, ఎట్ల పోవాలె? చెప్పు, ఎట్ల పోవాలె?"

జనం చేరారు. ఎవరో నా భుజం పట్టి నెట్టారు. చేతిలోని మిరపకాయలు ఆమె నా మొహాన కొట్టింది. మంట కంటే, వాళ్ళ చూపులు ఎక్కువ గుర్తున్నాయి. ఆటో దాకా వెనకే నడిచి వచ్చి, ఎక్కేదాకా చూశారు.

జనగామ చేరి సేటుకు చెప్పాను. ఆయన తొణకలేదు. "నీ చేతితోనే కంప్యూటర్ల కొట్టినవ్ గద ఆ రూల్? నా పేరేడున్నది అండ్ల?" అన్నాడు.

పైకెళ్ళి రూల్ తీసేశాను. లాగ్, ఆ మూడు కాల్స్, ఆ గొంతు పలికిన కాల్స్, అన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బయటికి వచ్చేశాను. సేటు కేసు పెడతానన్నాడు. పెట్టమన్నాను.

వారం తర్వాత మళ్ళీ సమ్మక్క దగ్గరికి వెళ్ళాను. ఈసారి ఆమె తమ్ముడితో ముందే ఫోన్‌లో మాట్లాడి వెళ్ళాను. రికార్డింగులు ఫిర్యాదుకు పనికొస్తాయని ఆమె ఎదుట పెట్టాను. ఆ వింత గొంతు కూడా వినిపించాను, దాచడం తప్పనిపించి.

ఆమె రెండుసార్లు విన్నది. "గొంతు నీదే. మాట ఆయనది" అంది. "ఎవలనన్న కొడుకా అంటడు. నన్ను గూడ. మ్యాకపిల్లను గూడ." తర్వాత పెన్‌డ్రైవ్ కొంగున ముడేసుకుని, "నువ్వు మల్ల మా ఇంటికి రాకు" అంది. మంచినీళ్ళు కావాలా అని అడగలేదు, నేనూ ఆశించలేదు.

వాళ్ళు ఫిర్యాదు చేశారు. భూపాలపల్లిలో విచారణకు నన్నూ పిలిచారు. ఆరోజు మందు పేరుతో, రూల్‌తో సహా అంతా చెప్పాను. అది రాసింది నేనేనని చెప్పాను. సేటు లైన్ అప్పటికే మూసేశాడు. కేసు ఇంకా నడుస్తోంది.

విచారణలో అధికారి ఆ మూడు కాల్స్ వేసి, "జవాబు చెప్పిన గొంతు మీదేనా?" అని అడిగాడు. నాదేనన్నాను. రాసుకున్నాడు. తర్వాత నర్మెట్ట కాల్ వేశాడు. "మరి ఇది?"

సమ్మక్క నా పక్క కుర్చీలోనే ఉంది. తల తిప్పలేదు.

నాదని చెప్పడానికి నోరు రాలేదు. కాదని చెప్పడానికీ రాలేదు. తెలియదన్నాను. ఆయన కలం ఆపి, "తెలియదు అంటే ఏం రాసుకోమంటారమ్మా?" అన్నాడు.