ఆయన పెట్టని సంతకం

మా మేనేజరుని నేను మూడేళ్లు అనుమానించాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, కానీ అప్పుడు నా కారణాలు నాకున్నాయి.

తమిళ ప్రాంతమైన తుడియలూరులో పంపులు తయారుచేసే కంపెనీలో, పంపుల్ని పరీక్షించే విభాగంలో చేరాను. మేనేజరుదీ మాలాగే తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబం. ఒక పెళ్లిలో మా అమ్మతో గంటసేపు తెలుగులోనే కబుర్లు చెప్పారు. ఆఫీసులో మాత్రం నాతో తమిళం తప్ప ఇంకో ముక్క లేదు. నేను పొరపాటున తెలుగులో అడిగినా తమిళంలోనే జవాబు.

అమ్మకు చెబితే పెదవి విరిచింది.

"మనోళ్లే మనతో మాట్లాడలేదంటే ఏమో విషయం ఉండాది అమ్మిణీ. జాగర్తగా ఉండు."

ఆ మాట నాలో నాటుకుపోయింది. పైగా చిక్కు పనులన్నీ నాకే వచ్చేవి. మేలూరు దగ్గర గ్రానైటు క్వారీలో నీళ్లు తోడే మా పంపు మాటిమాటికీ ఆగిపోతోందని ఫిర్యాదొస్తే, మా విభాగంలోనే ఉన్న సీనియర్ని కాదని నన్ను పంపారు. రెండు రోజులు ఆ దుమ్ములో కూర్చుని, రాతిపొడి వల్ల మోటారులోకి నీళ్లు చేరకుండా ఆపే సీలు అరిగిపోతోందని కనిపెట్టాను. నేను రాసిన రిపోర్టుని ఆయన నాలుగు చోట్ల దిద్ది, మళ్లీ రాయించి, నా వైపు తోశారు.

"నీంగళే కైయెళుత్తు పోడుంగ మేడమ్" అన్నారు. మీరే సంతకం పెట్టండని. తనది అక్కర్లేదట!

ఆ తర్వాత ప్రతి రిపోర్టూ అంతే. ఏదన్నా తేడా వస్తే నా మెడకు చుట్టి తను తప్పుకుంటాడు, ఇంకేముంది? నాకు ఒళ్లు మండిపోయేది. ఆయన చేత్తో దిద్దిన చిత్తు ప్రతులన్నీ గుట్టుగా ఫోన్లో ఫొటోలు తీసి దాచాను. రేపు నన్ను ఇరికిస్తే, వీటితో ఆయన్నే ఇరికిద్దామని.

మూడో ఏడు విభాగం బాధ్యత ఎవరికివ్వాలో తేల్చడానికి యజమాని మమ్మల్ని తన గదికి పిలిచారు: మేనేజరుని, నన్ను, ఆ సీనియర్ని. అది నాకు రాదనే అనుకుని రాజీనామా ఉత్తరం సంచిలో పెట్టుకునే వెళ్లాను. మేనేజరు నా పేరు చెప్పారు. నేను నమ్మలేదు. సీనియర్ మొహమాటం లేకుండా అనేశాడు, ఇద్దరిదీ ఒకే భాష కాబట్టి పైకి లాగుతున్నారని.

మేనేజరు నా రిపోర్టుల ఫైలు బల్ల మీద పెట్టారు.

"ఇవన్నీ ఈమె పనే. వీటిలో నా సంతకం ఒక్కటి చూపించండి. ఈమెతో మా భాషలో నేనొక్క మాట మాట్లాడగా విన్నవాళ్లుంటే పిలవండి" అన్నారు, తమిళంలోనే.

యజమాని పేజీలు తిప్పి, బాధ్యత నాకే ఇచ్చారు.

బయటికొచ్చాక వరండాలో ఆగి సంచిలోంచి ఫోను తీశాను. మేనేజరు నా పక్కనే ఆగి, ఆఫీసులో మొట్టమొదటిసారి తెలుగులో అడిగారు.

"అన్నం తింటివా అమ్మిణీ?"

లేదన్నాను. ఆయన మొహంలోకి చూడలేకపోయాను. ఆయన్ని ఇరికించడానికి దాచిన ఫొటోలు ఇంకా నా చేతిలోని ఫోన్లోనే ఉన్నాయి.