కర్ర పలుకు తెలిసిన సింహాచలం బావ

ఎచ్చెర్ల బడిలో పిల్లలకు పద్యం చెబుతుండగా గరివిడి నుంచి మనిషి వచ్చాడు. గుమ్మంలోనే చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ నిలుచున్న తీరు చూసి పద్యం ఆపేశాను.

"సింహాచలం మావ పోనారండి. మద్దేనం బువ్వ తిని నడుం వాల్సినారు. మరి నెగనేదు."

నలభై ఏళ్లపాటు వీణలకు ప్రాణం పోసిన మహాశిల్పి, మా అక్క భర్త, ఇక లేడన్న వార్త ఆ రెండు ముక్కల్లోనే ఇమిడిపోయింది. చేతిలోని పుస్తకం ఎక్కడ పెట్టానో నాకిప్పటికీ తెలియదు.

బావకు వీణానిర్మాణం వంశపారంపర్యంగా అబ్బిన విద్య కాదు. వడ్రంగి కొడుకుగా తలుపులూ కిటికీలూ చేస్తూ, స్వయంకృషితో సాధించుకున్నాడు. వీణ కోసం పనసచెట్టును కొనేముందు దాని చుట్టూ మూడుసార్లు తిరిగేవాడు. ఒకవైపు తాను చెవి ఆనించి, రెండోవైపు నన్ను చెట్టు మీద కర్రతో కొట్టమనేవాడు. ఒకసారి ఓ ధనికుడు నిగనిగలాడే పనస దుంగను బండి మీద పంపి, తన కూతురికి దానితోనే వీణ చేయమన్నాడు. బావ దాన్ని తట్టి చూసి, అదే బండి మీద తిప్పి పంపించాడు. ఆ ఆసామి మండిపడ్డాడు. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. "సూడ్డానికి బాగున్న కర్ర ఏరు, పలికే కర్ర ఏరు పంతులూ" అన్నాడు బావ నాతో. నేను తెలుగు పండితుణ్ణి కావడం చేత ఆయనకు నేనెప్పుడూ పంతులునే.

రెండేళ్ల కిందట పాతపట్నం బడిలో పాటలు నేర్పే గ్రేసమ్మ గారు తన గిటారు తెచ్చారు. బస్సు మీద మూటల కింద నలిగి దాని ముఖపలక పగిలిపోయింది. అలాంటి గిటారు కొత్తగా చేసిపెట్టగలరా అని ఆవిడ అడిగితే, బావ పగిలిన ముక్కను గోటితో మీటి, చేస్తానని మాటిచ్చేశాడు. తీరా చూస్తే అది మన కొండల్లో పెరిగే కర్ర కాదు. లేత రంగు, దూదిలాంటి తేలిక, సన్నని నిలువు చారలు.

వీపుకూ పక్కలకూ పనస సరిపోతుంది. తీగల కింద అదిరే ముఖపలక దగ్గరే వచ్చింది చిక్కు. పనసతో చేస్తే గొంతు పూడుకుపోయినట్టు పలికింది. బొమ్మలు చెక్కే పొణికి కర్ర తేలికే గాని, తీగలు బిగించిన మూడో రోజుకే కుంగిపోయింది. ఏజెన్సీలో అలజడులు రేగి కొండదారులన్నిటా తనిఖీలు సాగుతున్న రోజులవి. అడవికి పోయి వెతికే వీలూ లేదు. చేసినదాన్ని తానే విప్పేసి, అన్నం ముట్టకుండా కూర్చున్న బావను చూసి మా అక్క భయపడి నాకు కబురు పెట్టింది.

అప్పుడే నాకు తెలిసింది, కళింగపట్నంలో ఎర్రయ్య అనే పడవ మనిషి ఇంటికి పాత విదేశీ ఓడ తెరచాప కొయ్యే నడిదూలంగా ఉందని, అదీ అలాంటి లేత చారల కర్రేనని. ఆదివారం ఇద్దరం వెళ్లాం. సముద్రం మీద మబ్బు కమ్మింది. గాలి క్షణక్షణానికీ ఉద్ధృతమవుతోంది. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. దూలం అమ్ముతావా అని బావ అడిగాడు. తండ్రి తెచ్చిన కొయ్య, అమ్మనన్నాడు ఎర్రయ్య. తట్టి చూసుకోవడానికి మాత్రం ఒప్పుకున్నాడు.

బావ బల్ల ఎక్కి వేలి కణుపుతో తట్టాడు. కొయ్య ఖంగుమంది. ఆయన ముఖంలో అంతటి వెలుగు నేనెన్నడూ చూడలేదు. తడుతూ తడుతూ రెండో కొసకు వచ్చేసరికి ఆ వెలుగు ఆరిపోయింది. ఆ కొసకే ఉయ్యాల కట్టి ఉంది. అందులో పసిబిడ్డ నిద్రపోతోంది.

"ఈ కొసన లోపల ఏటీ నేదు బాబూ. సెద తినేసినాది. ముందు పిల్లని తియ్యి" అన్నాడు బావ.

ఎర్రయ్య కళ్లు ఎర్రబడ్డాయి. "అమ్మనంటే ఇప్పుడు సెదంటన్నావు. నానేటి ఎర్రోడినా? దిగు!"

బావ దిగాడు. "నాకీ దూలం వద్దు. ఒట్టు. నువ్విచ్చినా ముట్టను. దించీయి సాలు. ఈ గాలికి ఆగదు."

ఇరుగుపొరుగు మగవాళ్లు గుమ్మం ముందు మూగారు. ఒకడు నా భుజం పట్టుకున్నాడు. పైన కప్పు కిర్రుమంటోంది. "పద బావా" అని చొక్కా లాగాను. కదల్లేదు. సరిగ్గా ఆ కొస కింద నిలబడి ఉయ్యాల తాడు పట్టుకున్నాడు. "పిల్ల కిందున్నంతసేపూ నానూ కిందే ఉంటాను" అన్నాడు.

ఎర్రయ్య భార్య పోలమ్మ ఆయన ముఖంలోకి చూసింది. మరుక్షణం బిడ్డను ఎత్తుకుని బయటికి నడిచింది. ఎర్రయ్య పళ్లు కొరుకుతూ బావ నడుముకు దోపుకున్న ఉలి లాక్కుని, బల్ల ఎక్కి, దూలంలోకి ఒక్క పోటు పొడిచాడు. ఉలి పిడిదాకా దిగిపోయింది. మట్టీ పొట్టూ జలజల రాలాయి.

అందరూ కలిసి కప్పు కుంగకుండా గుంజలు నిలబెట్టి, పొద్దు వాలేలోగా తాటిదూలం ఎక్కించారు. బావే ముందుండి పని చేశాడు. కిందికి దించిన కొయ్యలో మూడింట రెండు వంతులు చెక్కుచెదరకుండా ఉంది. "అట్టుకెళ్లు బాబూ" అన్నాడు ఎర్రయ్య తల వంచుకుని. "ఒట్టేసినాను గదా" అని బావ బయల్దేరాడు. ఆ కర్ర మీద ఆయనకెంత ఆశో నాకు తెలుసు.

నెల తిరిగేసరికి, నేను అక్కడున్న ఒక ఆదివారం, చేపల లారీ ఒకటి గరివిడిలో బావ పాక ముందు ఆగింది. కొయ్యతో పాటు భార్యాభర్తలిద్దరూ దిగారు. బావ వద్దంటే వద్దన్నాడు. పోలమ్మ ఊరుకోలేదు.

"ఒట్టు ఆడికేసినావు, నాకేసినావేటి? ఆ కొయ్య మా మావ నాకిచ్చినాడు. నాను నీకిస్తన్నాను. వద్దంటే ఈ గుమ్మంలోనే కూకుంటాను."

బావ నిస్సహాయంగా నా వైపు తిరిగాడు. "పంతులూ, శాస్త్రం ఏటంటాది?"

నేను చదివిన ఏ శాస్త్రంలోనూ అది లేదు. అయినా "తీసుకోమనే అంటోంది బావా" అన్నాను. అధర్మమైతే ఆ పాపం నాదే.

ఆ కొయ్యను చీల్చి, మేకుల మచ్చలు తప్పించి, పలచగా చిత్రిక పడుతున్న వారం రోజులూ ఆయన ఎవరినీ పాకలోకి రానివ్వలేదు. గిటారు పూర్తయి గ్రేసమ్మ గారు తీగ మీటిన క్షణాన బావ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆవిడ పాట ముగించేదాకా ఇటు తిరగలేదు.

కర్మకాండ ముగిశాక అక్క నన్ను పాకలోకి తీసుకెళ్లింది. గోడవారగా పాతిక దాకా పనస దుంగలు ఉన్నాయి. కొన్ని వీణకు, కొన్ని పొయ్యిలోకి. ఏది దేనికో ఆయనకే తెలుసు. "నువ్వు ఆయన కూడా తిరిగినావు కదరా, సూసి సెప్పు" అంది అక్క. నేను వంగి, ఒక్కొక్కదాన్నీ వేలి కణుపుతో తట్టుకుంటూ వెళ్లాను. చివరిదాకా తట్టాను. నాకు అన్నీ ఒకేలా వినిపించాయి.