మనం కాస్తా మేమైన రోజు

ఆ కాలేజీలో సమాజశాస్త్రం అటెండరుని అందరూ బాబాయ్ అనేవారు. ప్రిన్సిపాలు మొదలుకొని నిన్నగాక మొన్న చేరిన పిల్లల దాకా ఆయన అందరికీ బాబాయే. వరసకేం, ఖర్చులేని పని. ఇరవై ఆరేళ్లుగా బోర్డు తుడిచి, కాఫీలు మోసి, తలుపు బయట స్టూలు మీద కూర్చుని పాఠాలన్నీ విన్నాడు. బస్సు కోసం నిలబడ్డ జనం ఉత్త గుంపనీ, "మనం" అనుకున్నప్పుడే అది సమూహమవుతుందనీ హెడ్డు మేడమ్ ఏటా మొదటి పాఠంలో చెప్పేది. ఆ ముక్క ఆయనకు కంఠతా వచ్చు. కూరలు తరుగుతున్న భార్యకు అప్పజెప్పేవాడు.

"మా డిపార్టుమెంటు గుంపు కాదే, సమూహం."

"మీ మొహం! లోపల కుర్చీ కూడా లేదు గానీ, సమూహమట."

ఎప్పటికైనా ఆవిడ నోరు మూయించాలని ఆయన పంతం.

డిపార్టుమెంటు పెట్టి ముప్ఫై ఏళ్లయిన సందర్భంగా మేడమే స్వయంగా చెప్పింది. "ఆదివారం మనమందరం హోటల్లో భోంచేస్తున్నాం బాబాయ్, ఇళ్లల్లోవాళ్లతో సహా. నువ్వు పొద్దున్నే వచ్చెయ్."

ఆ "పొద్దున్నే" ఆయన చెవికెక్కలేదు. "మనం" ఒక్కటే ఎక్కింది.

ఆదివారం ఇంట్లో పొయ్యి వెలిగించొద్దన్నాడు. భార్య దాచుకున్న పట్టుచీర కట్టింది. ఇద్దరూ సరిగ్గా భోజనాల వేళకు హోటలుకు వెళ్లారు.

"ఇప్పుడా రావడం?" అంది మేడమ్. "జ్ఞాపికలన్నీ ఇంకా పెట్టెల్లోనే ఉన్నాయి. ఈవిడెవరు?"

"మా ఆవిడండీ."

"సాయానికొచ్చావా అమ్మా? మంచిపని చేశావు. మేము భోంచేసొస్తాం, ఈలోపు మీరిద్దరూ పేర్లు చూసి సర్దేయండి. మీక్కూడా ప్యాకెట్లు కట్టిస్తాన్లే."

భార్య పట్టుచీర కొంగు నడుముకు దోపి నేలమీద కూర్చుని పెట్టెలు విప్పింది. పేర్లు ఆయన చదివాడు, ఆవిడ సర్దింది. ముప్ఫై పేర్లలో ఆయన పేరు లేదు. అసలు ఆయన పేరేమిటో ఆ డిపార్టుమెంటులో ఎవరికీ తెలియదు.

ఇంటికెళ్లే దారిలో తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. ఆ తర్వాత సమూహం మాటెత్తి వెక్కిరించడం కూడా మానేసింది. వెక్కిరించినా బాగుండేదనిపించింది ఆయనకు.

సోమవారం మేడమ్ గదిలోంచి కేకేసింది.

"బాబాయ్, మన కాఫీ ఏదీ?"

"మీ కాఫీ తెస్తున్నానండీ," అన్నాడు.

ఇరవై ఆరేళ్లలో ఆయన అలా అనడం అదే మొదటిసారి. సమూహాల మీద రెండు పుస్తకాలు రాసిన మేడమ్ తలెత్తకుండానే, చక్కెర తగ్గించమంది.