రాజు దూకే ఎత్తు

ఆ ఏడు గడిస్తే సర్కారు కొలువుకు నా వయసు దాటిపోతది. మార్కులు అంతంతే. మిగిలింది ఆటల కోటా ఒక్కటే. ఖమ్మంల చదరంగం సెలక్షన్ నెగ్గితే సర్టిఫికెట్ వస్తది, లేకుంటే దమ్మపేటల బీడీల తునికాకు ఎండేసే కల్లంల కూలి పనే గతి. భయానికి అన్నం సయించేది కాదు.

పాత పుస్తకాల కొట్టుల ఎదురుదాడి మీద ఒక పుస్తకం దొరికింది. తెల్లపావులోడు మీదికొస్తుంటే కాచుకోవద్దు, బంటును బలిచ్చి నువ్వే మీద పడు అంటది. నా పొగరుకు సరిగ్గ సరిపోయింది. మా అక్క బట్టలు కుట్టుకుంటనే తెల్లపావులు ఆడేది. మిషన్ తొక్కుడు ఆపిందంటే నాకు మూడినట్టే.

"ఏందిరా, రాజును గట్ల నడిమిట్ల వదిలేసినవ్?"

"ఉండనీయక్కా. కష్టమొస్తే దూకుతడు."

మా దిక్కు రాజుకు ఒక్క దూకుడు ఉండేది. చెక్ తగలనంతవరకు ఆటల ఒక్కసారి గుర్రంలెక్క దూకొచ్చు. బాపు నేర్పిండు, ఊరంతా గట్లనే ఆడేది. పుస్తకంల రాజును ఏనుగు చాటుకు పంపే పద్ధతి ఉండె. మన దూకుడు ఉండంగ అదెందుకని నవ్వుకున్నం. పుస్తకం పదో ఎత్తు కాడ ఆపేస్తే, ఆపైవన్నీ ఇరవై రోజులు కూసొని మేమే అల్లినం. అన్నిట్ల ఆఖరికి రాజు దూకుడే.

సెలక్షన్‌ల ఆఖరి ఆట. అంతకుముందు ఆటలల్ల రాజు దూకే పనే పడలే. ఇంకో రెండెత్తులల్ల గెలుపు నాదే. ఈలోపే ఎదుటాయన మంత్రి, ఏనుగు నా రాజు మీదికొచ్చినయ్, చెక్ మాత్రం ఇంకా తగల్లే. నేను నిమ్మళంగ రాజును పట్టి దూకించిన.

ఎదుటాయన పకపకా నవ్విండు. రెఫరీ వచ్చి చూసిండు. "గిట్ల దూకుడు ఆటల లేదు తమ్ముడూ."

"మా ఊళ్ళ ఉంది సార్!" అని అరిచిన. సిగ్గిడిచి బతిమిలాడిన. ముట్టుకున్న రాజునే కదపాలన్నడు. కదిలే గడి ఒక్కటే ఉండె. అక్కడ పెట్టంగనే ఎదుటాయన ఒక్క ఎత్తుల ఆట కట్టించిండు.

బస్సు వైరా దాటింది, తల్లాడ దాటింది, నేను తల ఎత్తలే. చచ్చిపోతే బాగుండనిపించింది.

అక్క గుమ్మంలనే నిలబడి ఉంది. "రాజు దూకలేదా?"

"ఆ దూకుడు మన ఊళ్ళనేనంట అక్కా. బయట లేదంట."

అక్క లోపలికి పోయింది. పావులన్నీ డబ్బాల వేసి మూత పెట్టింది.

మర్నాడు పొద్దుగాల నేను కల్లంకు పోతుంటే సద్దిగిన్నె చేతికిచ్చింది.

"దూకుడు లేదన్న ముచ్చట బాపుకు చెప్పకురా" అన్నది.